చేపల మీద తెల్ల మచ్చలకి నీళ్ళు వేడి పెడితే తగ్గుతుందన్నారు, 28 డిగ్రీలకి పెంచాక ఇంకా ఎక్కువయ్యాయి, హీటరు ఆపేయనా?

నీటిబుడగ:

అందరికీ నమస్కారం. కాస్త అర్జెంటు, పోస్టు పెద్దదైనా ఓపిగ్గా చదవండి ప్లీజ్.

నాది 100 లీటర్ల చేపల ట్యాంకు, ఏడాదిన్నర నుంచి నడుస్తోంది. 2 ఏంజెల్స్, 3 ప్లాటీలు, 8 నియాన్ టెట్రాలు, 4 పాండా కోరీలు. పోయిన వారం ఇంకో 2 ప్లాటీలు తెచ్చి కవరుతో సహా కాసేపు నీళ్ళల్లో తేలేసి, కొన్నాళ్ళు వేరుగా ఉంచి చూడకుండా నేరుగా వదిలేశా (తెలుసు, తిట్టొద్దు). ఐదో రోజు పొద్దున లైటు వేసి చూస్తే కొత్త ప్లాటీ తోక మీద ఉప్పు రవ్వలు చల్లినట్టు తెల్ల చుక్కలు. సాయంత్రానికి ఒక ఏంజెల్ రెక్కల మీద కూడా కనిపించాయి. అన్నీ ఫిల్టరు పైపుకీ రాళ్ళకీ ఒళ్ళు రుద్దుకుంటున్నాయి, దురద పెట్టినట్టు సర్రున వెళ్ళి తగిలి వస్తున్నాయి.

ఇది ఇక్ (తెల్ల మచ్చల జబ్బు) అనుకుని, వేడి పెంచితే పోతుందని ఎక్కడో చదివి మొన్న రాత్రి హీటరు 26 నుంచి 28కి తిప్పా. తగ్గడం మాట దేవుడెరుగు, నిన్న పది చుక్కలున్న చేపకి ఇవాళ ముప్పై పైనే ఉన్నాయి, నియాన్లకీ అంటుకుంది. ఒకరు 30 అంటారు, ఒకరు 32 అంటారు, ఇంకొకరేమో వేడికి ఆ పురుగు ఇంకా తొందరగా పెరుగుద్ది ముందు ఆపెయ్ అంటారు. ఎవరి మాట వినాలి? అసలు వేడి ఎలా పనిచేస్తుంది, ఎన్ని డిగ్రీలు, ఎన్ని రోజులు, కోరీలు తట్టుకుంటాయా? మాలకైట్ గ్రీన్ మందు సీసా ఒకటి ఇంట్లో ఉంది, అది కూడా వెయ్యనా?

పాతఫిల్టరు:

హీటరు ఆపకు తమ్ముడూ. అలాగని 28 దగ్గర వదిలేయకు, అదే నీకు జరిగిన పొరపాటు. వేడికి పురుగు తొందరగా పెరుగుతుందన్నవాడూ కరెక్టే, వేడికి పోతుందన్నవాడూ కరెక్టే, ఎంత వేడి అన్నదాంట్లోనే ఉంది అంతా.

నీకు కనపడే ఒక్కో చుక్కా ఒక్కో ఏకకణ జీవి. అది చర్మం పైన కూర్చుని లేదు, పై పొర కిందకి దూరి అక్కడే తింటూ బలుస్తోంది, దాని మీద చేప చర్మమే దుప్పటి కప్పినట్టు ఉంటుంది. అందుకే ఏ మందు పోసినా అక్కడున్న దానికి తగలదు, మందు వేసినా మచ్చలు పోవట్లేదని జనం డోసు మీద డోసు పోసి చివరికి చేపల్ని చంపుకునేది ఇందుకే. అది ఒక మిల్లీమీటరు దాకా పెరిగాక తనంతట తనే చేపని వదిలేసి కింద పడుతుంది, గ్రావెల్లోనో ఆకు మీదో అతుక్కుని చుట్టూ జిగురు గూడు కట్టుకుంటుంది. గూట్లో ఒకటి రెండై, రెండు నాలుగై అలా వందల్లోకి, ఒక్కోసారి వెయ్యి దాకా వెళ్తాయి. గూడు పగిలాక ఆ పిల్లలన్నీ చేప కోసం ఈదుతూ తిరుగుతాయి, ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చస్తాయి. మందు దెబ్బ ముఖ్యంగా తగిలేది ఆ ఈదే పిల్లలకే.

ఈ చుట్టు ఎంత వేగంగా తిరగాలన్నది నీళ్ళ వేడే తేలుస్తుంది. 10 డిగ్రీల చల్ల నీళ్ళల్లో ఒక్క చుట్టుకి నెల పైనే పడుతుంది, 15, 16 దగ్గర పది రోజులకి పైగా, 24 నుంచి 26 మధ్య మూడు నుంచి ఆరు రోజుల్లో అయిపోతుంది. నువ్వు 28కి పెంచి దాని పరుగు ఇంకాస్త పెంచావు గానీ ఆపలేదు. 30కి చేరాక సీను మారుతుంది, చేప మీదవి తొందర తొందరగా రాలతాయి, రాలినవాటిలో చాలామటుకు గూడు కట్టి పిల్లల్ని వదిలే దాకా బతకవు. అంటే వేడి చేసేది రెండు పనులు, మందుకీ దేనికీ అందకుండా దాక్కున్న దాన్ని బయటికి గెంటడం, బయటికొచ్చిన దాన్ని పెరగనీకపోవడం. 28లో మొదటి పనే అవుతుంది, రెండోది అవదు.

ఇవాళ ముప్పై అయ్యాయన్నావు చూడు, ఆ చుక్కలు ఇవాళ పట్టినవి కావు. రెండు మూడు రోజుల కిందే దూరాయి, అప్పుడు కంటికి ఆనవు, తిని బలిశాక ఇప్పుడు కనపడుతున్నాయి. 30కి వెళ్ళాక కూడా మొదటి రెండు రోజులు ఎక్కువైనట్టే ఉంటుంది, సగం మంది అక్కడే భయపడి హీటరు తగ్గించేస్తారు.

ఆరేడు గంటలకి ఒక డిగ్రీ చొప్పున పెంచు, రోజుకి రెండు డిగ్రీలు దాటించకు. 30 చేరాక అక్కడే పట్టుకో, 32 నీకొద్దు, నియాన్లున్నాయి, పాండాలైతే అసలే చల్లదనం కోరేవి. ఆఖరి చుక్క పోయాక కూడా ఇంకో నాలుగైదు రోజులు ఉంచాలి, మొత్తం మీద పది రోజులు తక్కువ కాకుండా చూసుకో. రోజు మార్చి రోజు అడుగున సైఫన్ పెట్టి పావు వంతు నీళ్ళు తియ్యి, గూళ్ళన్నీ అక్కడే ఉంటాయి కాబట్టి సగం పని చీపురుతో అయిపోయినట్టే. పోసే కొత్త నీళ్ళు కూడా అదే వేడిలో ఉండాలి. పాండాల్ని వేరే టబ్బులో 25, 26 దగ్గర పెట్టి సీసా మీద రాసిన డోసులో సగంతో మందు మొదలెట్టు, కోరీలకి మాలకైట్ గ్రీన్ ఫుల్ డోసు పడకపోవచ్చు. వాటి మీద మచ్చలు లేకపోయినా ట్రీట్‌మెంట్ చెయ్యాల్సిందే, అవి కూడా అదే నీళ్ళల్లో ఉన్నాయిగా.

చెరువుగట్టు:

ఎందుకండీ ఈ ఉడకబెట్టుడు. ఉప్పు, మందు వేస్తే పోయేదానికి. నేను బయట సిమెంటు తొట్లల్లో పెంచుతా, ఒక్కోటి వెయ్యి లీటర్లు పైనే, దానికి ఏ హీటరు పెట్టమంటారు చెప్పండి. లీటరుకి 3 గ్రాముల చొప్పున ఉప్పు, ఒకేసారి కాకుండా ఒకటిన్నర రోజులో మూడు విడతలుగా కరిగించి పోస్తా, మందు రోజు విడిచి రోజు. ఇప్పటిదాకా నాకు పోని ఇక్ లేదు.

ఒకటి మాత్రం పాతఫిల్టరు గారితో ఒప్పుకుంటా. నీళ్ళు చల్లగా ఉన్నప్పుడు మూడు రోజులు మందేసి ఆపితే వేస్టు. నేను మొదట్లో అదే చేశా, మచ్చలు పోయాయి కదా అని మానేసా, పన్నెండో రోజుకి డబుల్ వచ్చాయి, గూట్లో ఉన్నవి అప్పటికి బయటకి రాలేదు అంతే. చల్ల నీళ్ళల్లో మందు వారాల తరబడి సాగాలి. ఇంకో విషయం, నీళ్ళు బాగా కాగే ఎండాకాలంలో నా తొట్లల్లో ఈ జబ్బు కనపడదు, చల్లబడే రోజుల్లోనూ మళ్ళీ వేడెక్కే రోజుల్లోనూ వస్తుంది. అంటే మీరు హీటరుతో చేసేది నాకు ఎండ చేసి పెడుతోందన్న మాట, ఇది రాస్తుంటేనే వెలిగింది నాకు 😄

మొక్కలున్న ట్యాంకైతే ఉప్పు వద్దు, ఆకులు కుళ్ళిపోతాయి.

మీనాక్షి అక్క:

వేడి గురించి ఇంత రాసుకున్నారు, గాలి గురించి ఒక్కరూ ఎత్తలేదేంటి? ఇక్‌కి వేడి పెట్టి చేపల్ని పోగొట్టుకున్నవాళ్ళల్లో చాలామందికి జబ్బు వల్ల పోలేదు, ఊపిరాడక పోయాయి. నాది కూడా అందులో ఒక కేసే.

నాలుగేళ్ళ కింద నా 200 లీటర్ల ట్యాంకులో క్లౌన్ లోచ్ చేపలకి ఇక్ వచ్చింది. అవి వేడిని బాగా తట్టుకుంటాయని తెలుసు కాబట్టి ధైర్యంగా 32కి పెట్టా. ఆవిరి పోకుండా మూత బిగించా, ఫిల్టరు నీళ్ళు పడే పైపేమో నీటి మట్టం కిందకి ఉంది, సౌండ్ రాకుండా నేనే అలా పెట్టుకున్నా. పైన ఒక్క అల కూడా లేదు, అద్దంలా ఉంది. రాత్రి పదకొండింటికి అన్నీ బానే ఉన్నాయి. తెల్లారి ఐదున్నరకి లేచి చూస్తే అన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని నీటి అంచున వేలాడుతున్నాయి, పెద్ద లోచ్ రెండు మొప్పలూ విప్పార్చుకుని అడుగున పక్కకి ఒరిగిపోయింది. ఆరు లోచ్‌ల్లో మూడు పోయాయి, వాటి ఒంటి మీద అప్పటికి పట్టుమని ఐదు మచ్చలు కూడా లేవు.

లెక్క చూడండి, 25 డిగ్రీల మంచినీళ్ళల్లో లీటరుకి మహా అయితే 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది, 30లో 7.5, 32లో 7.3. అంతేగా తేడా అనిపిస్తుంది. కానీ వేడికి చేప ఒంట్లో పని పెరిగి దానికి కావాల్సిన గాలి ఎక్కువవుతుంది, అడుగున మురిగేదాన్ని తినే బ్యాక్టీరియా కూడా ఎక్కువ లాగేస్తుంది, పైగా ఇక్ మొప్పల్లో కూడా దూరి ఉంటుంది, మనకి కనపడేది ఒంటి మీదే గానీ చేపని నిజంగా చంపేది మొప్పల్లో ఉన్నదే. రాత్రి మొక్కలు కూడా ఆక్సిజన్ వాడుకునేవే. ఇవన్నీ కలిసి తెల్లారుజామున కొడతాయి.

కాబట్టి తమ్ముడూ, డయల్ ముట్టుకునే ముందు ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) వెయ్యి, వీలైతే రెండు. నీటి మట్టం రెండు మూడు అంగుళాలు దించితే ఫిల్టరు నీళ్ళు జలజలా పైనుంచి పడతాయి, ఆ చప్పుడు పది రోజులు భరించు. మేత సగానికి తగ్గించు. నీ నీళ్ళ పీహెచ్ ఎక్కువైతే అమ్మోనియా కూడా చూసుకో, పీహెచ్ 8 దగ్గర మొత్తం అమ్మోనియాలో విషంగా పనిచేసే వాటా 25 డిగ్రీల్లో 5 శాతం చిల్లర, 30కి వచ్చేసరికి 7 శాతం దాటుతుంది. టెస్టులో అంకె మారదు, చేపకి మాత్రం తేడా తెలుస్తుంది.

వేడి పెట్టిన ట్యాంకులో ఫార్మాలిన్ ఉన్న మందు జోలికి మాత్రం వెళ్ళొద్దు, అది నీళ్ళల్లో ఆక్సిజన్‌ని లాగేస్తుంది. సీసా మీద మాలకైట్ గ్రీన్ ఒక్కటే ఉందా, పక్కన చిన్నక్షరాల్లో ఫార్మాలిన్ అని కూడా ఉందా చూడు.

నీటిబుడగ:

అక్కా, భూతద్దం పెట్టి చూశా, ఫార్మాలిన్ ఉంది 😳 పాండాల టబ్బుకి వేరే సీసా తెప్పించా, మాలకైట్ గ్రీన్ ఒక్కటే ఉన్నది. టబ్బు 25లో ఉంది, ఎయిర్ స్టోన్ వేశా, సగం డోసు మొదలెట్టా. ట్యాంకు మట్టం దించా, ఇప్పుడు హాల్లో జలపాతం పక్కన పడుకున్నట్టుంది, ఇంట్లో వాళ్ళు నన్నూ ట్యాంకునీ కలిపి తిడుతున్నారు. ఇందాక 29కి తిప్పా, రాత్రికి 30.

గోల్డీ నాన్న:

మధ్యలో దూరుతున్నందుకు సారీ. మాకు రెండేళ్ళ గోల్డ్ ఫిష్ ఉంది, దానికీ తెల్ల చుక్కలొచ్చాయి. నీళ్ళు 20 డిగ్రీలు, హీటరు లేదు. మీరు చెప్పినట్టు 30కి పెంచేయాలంటే ఇవాళే హీటరు తెచ్చేస్తా. చేప మాత్రం హుషారుగానే ఉంది, వేరే గోల్డ్ ఫిష్ వెంట పడి తరుముతోంది.

మీనాక్షి అక్క:

ఆగండాగండి, హీటరు తేకండి. చుక్కలు ఎక్కడున్నాయి, ఒళ్ళంతా చెదురుగా ఉన్నాయా, లేక మొప్ప మూతల మీదా ముందు రెక్కల మొదటి ముల్లు వెంబడీ వరసగా ఉన్నాయా?

గోల్డీ నాన్న:

మొప్ప మూతల మీదే. రెక్కల అంచున కూడా వరసగా కుట్టు వేసినట్టున్నాయి. తోక మీద ఒక్కటీ లేదు.

మీనాక్షి అక్క:

మీవాడు పెళ్ళికొడుకయ్యాడండి, అంతే. మగ గోల్డ్ ఫిష్‌కి జత కట్టే సీజన్లో అక్కడే అలా బొడిపెలొస్తాయి, ఆ తరమడం కూడా అందుకే. వాటంతటవే పోతాయి. చుక్క కనపడగానే హీటరు తిప్పొద్దని నేను మొత్తుకునేది ఇందుకే.

వేడి పనికిరానివీ, వేడి పెడితే ముదిరేవీ కూడా ఉన్నాయి. ఒళ్ళంతా బంగారు పొడి చల్లినట్టు సన్నగా మెరుస్తుంటే, టార్చి పక్కనుంచి వేస్తే బాగా కనపడుతుంది, అది వెల్వెట్ అనే జబ్బు, దాన్ని వేడితోనే వదిలించలేం. దాన్ని తెచ్చే జీవికి వెలుతురుతో తిండి తయారుచేసుకునే గుణం ఉంది కాబట్టి ట్యాంకుకి దుప్పటి కప్పి మందు వేస్తారు. దారం ముక్కలా వేలాడేది యాంకర్ వార్మ్, వెచ్చని నీళ్ళల్లో దాని గుడ్లు ఇంకా తొందరగా పొదుగుతాయి. చర్మం మీద సన్నటి బూడిద పొరలా కమ్మే కోస్టియా మాత్రం 30 దాటితే బతకదు, దానికి వేడి బాగా పనిచేస్తుంది. అన్నిటికన్నా చూసుకోవాల్సింది కాలమ్నారిస్, మూతి దగ్గర దూదిలా తెల్లగా పడుతుంది, జనం ఫంగస్ అనుకుంటారు, అది బ్యాక్టీరియా, వేడి పెరిగే కొద్దీ రెచ్చిపోతుంది.

ఉప్పునీటి చేప:

నాది సముద్రం చేపల ట్యాంకు, నాక్కూడా ఇక్ వచ్చింది, 30 పెట్టనా అక్కా?

పాతఫిల్టరు:

వద్దు. పేరు ఒకటే గానీ మీది వేరే జీవి, దానికి ఈ వేడి లెక్క పనిచెయ్యదు. చేపల్ని వేరే ట్యాంకులోకి మార్చి ఉప్పు శాతం తగ్గించో రాగి మందుతోనో చేస్తారు, అసలు ట్యాంకు చేపల్లేకుండా రెండు నెలల పైనే ఖాళీగా ఉంచుతారు. వేరే పోస్టు పెట్టండి, ఇక్కడ కలిస్తే ఎవరో మంచినీళ్ళ వాళ్ళు రాగి పోస్తారు.

నీటిబుడగ:

అప్‌డేట్. 30లో పెట్టి ఇవాళ్టికి నాలుగో రోజు. రోజూ సైఫన్ చేస్తున్నా, ఎయిర్ స్టోన్లు రెండు గుడగుడలాడుతున్నాయి. కానీ మచ్చలు పోవట్లేదు!! ప్లాటీల మీదవి రాలాయి గానీ మళ్ళీ కొత్తవి వస్తున్నాయి, రెండో ఏంజెల్‌కి కూడా పట్టింది. కొత్త ప్లాటీల్లో ఒకటి నిన్న పోయింది. ఇది వేడిని తట్టుకునే రకం ఇక్ ఏమో అనిపిస్తోంది, అలాంటివి కూడా ఉంటాయని చదివా. 32కి పెంచనా?

పాతఫిల్టరు:

ఉన్నాయి, 30ని తట్టుకున్న కేసులున్నాయి. కానీ అంతదూరం వెళ్ళేముందు ఒకటి చెప్పు, నీ నీళ్ళు 30లో ఉన్నాయని నీకెలా తెలుసు?

నీటిబుడగ:

హీటరు డయల్ 30 మీద ఉంది కదన్నా.

పాతఫిల్టరు:

థర్మామీటరు పెట్టి చూడు. హీటరు ఉన్న మూల కాదు, ఎదురు మూల. హీటరు ఎన్ని వాట్లు?

నీటిబుడగ:

హీటరు 50 వాట్లు. థర్మామీటరు లేదు, పక్కింటి వాళ్ళ దగ్గర ఒకటి అడిగి తెచ్చా. హీటరు మూల 28.9 ఉంది. ఎదురు మూల, పాండాలు ఇదివరకు పడుకునే చోటు, 27.8. హీటరు లైటు ఒక్క క్షణం కూడా ఆరట్లేదు, ఎర్రగా వెలుగుతూనే ఉంది. నాలుగు రోజులు ఉత్తి పుణ్యానికి పోయాయి కదా 🤦

పాతఫిల్టరు:

అదీ సంగతి. లైటు ఆరట్లేదంటే అది ఫుల్లుగా పనిచేస్తున్నా చాలట్లేదని. లీటరుకి ఒక వాటు చొప్పున చూసుకో, నీకు 100 వాట్లు కావాలి. ఒకటే పెద్దది కాకుండా ఇంకో 50 తెచ్చి ఎదురు మూలన పెట్టు, ట్యాంకంతా సమానంగా వేడెక్కుతుంది, ఒకటి కట్ అవ్వకుండా బిగుసుకుపోయినా ట్యాంకు పులుసు అవ్వదు. డయల్ మీద అంకెని ఎప్పుడూ నమ్మకు, అది బజ్జున్న గడియారం. నీళ్ళల్లో ఉన్న థర్మామీటరే లెక్క. సైఫన్ చేసేటప్పుడు హీటరు స్విచ్ ఆపు, మట్టం దిగి గాజు గాలికి తగిలితే పగుల్తుంది. ఈ నాలుగు రోజులూ లెక్కలోంచి తీసేయ్, ఎదురు మూల 30 చూపించిన గంట నుంచి మొదటి రోజు.

చెరువుగట్టు:

నేను అందుకే ఎండనే నమ్ముకున్నా 😄

నీటిబుడగ:

రెండో హీటరు వచ్చింది, నిన్న మధ్యాహ్నానికి రెండు మూలలా 30.1, 30.0. మీరన్నట్టే ఇవాళ ఏంజెల్ మీద విపరీతంగా కనపడుతున్నాయి, ఈసారి మాత్రం డయల్ జోలికి పోలేదు. చేతులు కట్టుకుని కూర్చున్నా.

నీటిబుడగ:

నిజంగా 30లో నాలుగో రోజు. ఒళ్ళు మీద ఒక్క చుక్క లేదు!! ప్లాటీలు, నియాన్లు అన్నీ క్లీన్. రాత్రి చూసి పడుకుంటే పొద్దుటికి సగం లేవు, సాయంత్రానికి అసలే లేవు. కానీ ఇప్పుడు ఇంకో భయం, పెద్ద ఏంజెల్ పై పెదవి మీద తెల్లగా ఉంది. చుక్కలా లేదు, దూది పీచు అతుక్కున్నట్టుంది, అంచు కాస్త పసుపుగా. నిన్న లేదు, ఇవాళ మేతకి పైకొచ్చింది గానీ నోట్లో పెట్టుకుని వదిలేసింది. అక్కా ఇది మీరు చెప్పిన కాలమ్నారిసేనా?

మీనాక్షి అక్క:

రాత్రికి రాత్రే వచ్చిందంటే, మూతి దగ్గర అంటే, పసుపు అంచంటే, నేనైతే అదే అనుకుని మొదలెడతా. ఫంగస్ అంత వేగంగా రాదు. ఇక్ దూరిన చోట చర్మానికి చిల్లులు పడి ఉంటాయి, అక్కడ బ్యాక్టీరియా చేరుతుంది, పైగా ఇప్పుడు నువ్వు దానికి నచ్చే వేడి ఇస్తున్నావు.

కానీ ట్యాంకంతా చల్లబరచకు, ఇక్ పని ఇంకా అవలేదు, ఒంటి మీద లేదంటే అడుగున లేదని కాదు. ఆ ఒక్క ఏంజెల్‌ని తీసి వేరే టబ్బులో పెట్టు, పాండాల టబ్బులో మాత్రం కాదు, వాటికీ అంటుతుంది. తీసిన వెంటనే నీళ్ళు 30లోనే ఉంచి పగలంతా మెల్లగా 25కి దిగనివ్వు, బ్యాక్టీరియాకి చేపలకి వాడే యాంటీబయోటిక్ వెయ్యి, ఎయిర్ స్టోన్ తప్పనిసరి. ట్యాంకుకి వాడిన వల, సైఫన్ టబ్బులో పెట్టకు. ఇవాళే చెయ్యి తమ్ముడూ, రేపు సెలవు కదా అప్పుడు చూద్దాం అనుకోకు, ఇది ఒకటి రెండు రోజుల్లో తేల్చేస్తుంది.

నీటిబుడగ:

చేసేశా. అర్ధరాత్రి పన్నెండున్నరకి బకెట్ పక్కన కూర్చుని టైపు చేస్తున్నా.

నీటిబుడగ:

చాలా రోజులకి వచ్చా, ఊరించకుండా చెప్పేస్తా. ఏంజెల్ బతికింది. మూడో రోజుకి ఆ దూది ఊడిపోయింది, పై పెదవిలో చిన్న ముక్క పోయి కాస్త వంకర నవ్వులా కనపడుతుంది, మేత మాత్రం అందరికన్నా ముందు లాగేస్తోంది. ట్యాంకుని ఆఖరి చుక్క పోయాక ఇంకో ఆరు రోజులు, మొత్తం పది రోజులు 30లో ఉంచి, తర్వాత రోజుకి ఒక డిగ్రీ చొప్పున 26కి దించా. పాండాలు టబ్బులో రెండు వారాల పైనే ఉన్నాయి, వాటిల్లో రెండు చేపలకి మధ్యలో మచ్చలొచ్చి మందుకే పోయాయి, నిన్న ట్యాంకులోకి వదిలా. నీటి మట్టం కూడా పైకి పెంచా, ఇంట్లో నిద్రలు పడుతున్నాయి.

పోయింది ఒక్క ప్లాటీ, ఒక నియాన్. నియాన్ ఎప్పుడు పోయిందో కూడా తెలీదు, లెక్కపెడితే ఏడే ఉన్నాయి.

టబ్బు తీసెయ్యలేదు, ఇక మీదట కొత్తవి ఏవొచ్చినా నాలుగు వారాలు అందులోనే. సొంతంగా థర్మామీటర్లు కూడా రెండు కొన్నా. ఒకే చోట పక్కపక్కన పెట్టా, ఒకటి 26.0 అంటోంది, రెండోది 26.6 అంటోంది. ఇప్పుడు వీటిల్లో ఏది కరెక్టో తేల్చడానికి మూడోది కొనాలా అన్నా?

పాతఫిల్టరు:

కొనకు. చిన్న గ్లాసులో మెత్తగా కొట్టిన ఐస్ నిండా వేసి, కాసిని నీళ్ళు పోసి, రెండూ అందులో ముంచి ఐదు నిమిషాలు కలుపుతూ ఉంచు. సున్నాకి దగ్గరగా చూపించేది ట్యాంకుకి, రెండోది టబ్బుకి, ఎంత తేడా ఉందో దాని మీద మార్కరుతో రాసుకో.